తాగనివాడి ఎర్ర కళ్ళు

మా నాన్న తాగేవాడు కాదు. ఆయన గురించి ఏం చెప్పినా ఈ మాట తర్వాతే చెప్పాలి. సారా కాదు, కల్లు కాదు, పెళ్ళిళ్ళలో ఎవరైనా బలవంతం చేసినా గ్లాసు ముట్టుకునేవాడు కాదు. చుట్ట కాల్చేవాడు. అది నిజం, దాన్ని దాచను.

చోడవరం దాటి వడ్డాది వైపు వెళ్ళే రోడ్డు పక్కన మా ఇల్లు. మాకు పొలం లేదు. నాన్న బెల్లం వండే పాకలో పొయ్యి దగ్గర మనిషి. చెరకు ఆడగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, దాన్నే పొయ్యిలోకి ఎగదోస్తారు. పైన పెనంలో రసం మరుగుతుంది. పెనం దగ్గర నిలబడ్డవాడికి తీపి వాసన, పొయ్యి నోటి దగ్గర కూర్చున్నవాడికి పొగ. మీసం రాకముందు నుంచి నాన్న కూర్చున్నది పొయ్యి నోటి దగ్గరే. చలి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆ పని ఉండేది. మిగతా రోజుల్లో కూలికి వెళ్ళేవాడు, దగ్గేవాడు.

నేను విశాఖలో బయోకెమిస్ట్రీ చదువుతున్న కాలానికి ఆయన నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలైంది. ఆగి, ఆయాసపడుతున్నట్టు కనిపించకుండా, ఎవరి పెరట్లోనో కాసిన ఆనపకాయను చూస్తూ నిలబడేవాడు. తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి. అరచేతులు ఎర్రబడ్డాయి. పెదాలు నేరేడుపండు తిన్నవాడిలా అయ్యాయి. పొద్దున్న లేస్తూనే తలనొప్పి అనేవాడు. పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో నిద్రలోకి జారిపోయేవాడు. నిలబడి నాలుగడుగులు వేస్తే తూలేవాడు.

అవి రాష్ట్రంలో మద్యం నిషేధించిన రోజులు. సారా దుకాణాలు మూతపడి, దొంగ బట్టీలు పెరిగిన రోజులు. నాటుసారాకి కావలసింది బెల్లం. పెనం మీద తేలే మడ్డిని కూడా అడిగి పట్టుకుపోయేవాళ్ళుండేవారు. బెల్లం పాకలో పనిచేసే మనిషి, పగలు తూలుతూ, కళ్ళు ఎర్రగా, ఒంటి నుంచి పులిసిన రసం వాసనతో ఇంటికొస్తే ఊరు ఏమనుకుంటుంది? ఊరిని నేను తప్పు పట్టను. ఊరిలో అందరికంటే ముందు అనుకున్నది మా అమ్మ.

అమ్మ తండ్రి సారాతో పోయాడు. ఆయన ఏ గట్టు మీద పడున్నాడో వెతికి తీసుకురావడానికి చిన్నప్పుడు అమ్మనే పంపేవాళ్ళట. ఆఖరిసారి వెతికినప్పుడు కాలువలో దొరికాడు. ఆ సంగతి అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండా. సారా మీద ఆడవాళ్ళు కదిలినప్పుడు మా వీధిలో ముందు నడిచింది ఆమే. పొరుగు వీధిలో ఒకడు దొంగగా సారా కాస్తుంటే వెళ్ళి కుండలు పగలగొట్టింది కూడా ఆమే. ఆడవాళ్ళు ఆమెను గౌరవించేవారు, మగవాళ్ళు భయపడేవారు. నాకు గర్వంగానే ఉండేది.

రోజూ సాయంత్రం నాన్న పాక నుంచి రాగానే అమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపేది.

"ఇలా రా. ఊదు."

"ఏటూదమంటావే?"

"నోరు తెరిసి నా మొకం మీద ఊదు."

నాన్న ఊదేవాడు. సగంలో దగ్గు వచ్చేది.

"అదేటి ఊదడం? ఆ ఊదుకి దీపం కూడా ఆరదు. గట్టిగా ఊదు."

"ఊపిరి నేదే."

"ఊదమంటే తాగినోడెవడికీ ఊపిరుండదు."

పక్కింటావిడ అమ్మకి వరసకి చెల్లెలు. అరుగు మీద నుంచి అందుకునేది. "యాలక్కాయ నవిలొచ్చేడేమో సూడప్పా. మొన్న మీ మరిది కూడా అలాగే సేసేడు."

"దగ్గు అడ్డెట్టుకుంటన్నాడే. దగ్గితే వాసన రాదనుకుంటన్నాడు."

నాన్న మళ్ళీ ఊదేవాడు. ఊది, గుమ్మం పట్టుకుని నిలబడి, లోపలికి రానిస్తారా లేదా అని చూసేవాడు. ఒక్కోరోజు రానిచ్చేది. ఒక్కోరోజు అన్నం అరుగు మీదే పెట్టేది. తాగి వచ్చిన మగాడికి ఇంట్లోకి దారి ఇవ్వకూడదని ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టినామె తన ఇంట్లోనే సడలిస్తే ఎలా?

ఆ ఏడు మా గైడు ఒక వ్యాసం జిరాక్సు చేతికిచ్చి దాని మీద సెమినార్ చెప్పమన్నారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం ఏం చేస్తుందన్నది విషయం. మా ల్యాబులో అలాంటి పని ఏదీ జరిగేది కాదు. ఎక్కడో జరిగినదాన్ని ఆలస్యంగా చదివి, బోర్డు మీద గీసి చెప్పుకోవడమే.

గీయాల్సింది రెండు ప్రొటీన్లు. ఒకటి కణంలో ఎప్పుడూ ఉంటుంది. రెండోదాన్ని కణం తయారు చేస్తూనే ఉంటుంది, చేసిన కాసేపటికే ముక్కలు చేసేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నంతకాలం ఇదే జరుగుతుంది. చూడటానికి దండగ పనిలా ఉంటుంది. కాదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కొత్తగా తయారు చేసుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు. చంపడం ఆపితే చాలు. చంపడం ఆగగానే రెండోది మిగులుతుంది, కేంద్రకంలోకి వెళుతుంది, అక్కడ మొదటిదాన్ని కలుస్తుంది. రెండింటిలోనూ ఒకే తీరున మడతపడిన భాగాలుంటాయి. వాటితో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. విడిగా ఏదీ ఈ పని చెయ్యలేదు. జత కుదిరాకే డీఎన్ఏ మీద తమ చోటు దొరుకుతుంది. అక్కడ కూర్చుని, ఇంకో పెద్ద ప్రొటీన్‌ని పిలిచి, కొన్ని జన్యువులను పనిలోకి దింపుతాయి. అందులో ఒకటి ఎర్రకణాలు పెంచమని చెప్పే హార్మోన్‌ది. పెద్దవాళ్ళలో దాన్ని ఎక్కువగా తయారు చేసేది కిడ్నీ.

రెండోదాన్ని పట్టుకుని చావుకి అప్పగించే మూడో ప్రొటీన్ ఏదో ఆ దశాబ్దం చివర్లో గాని తెలియలేదు. ఆక్సిజన్ ఉంటే రెండోదాని మీద ఒక చిన్న గుర్తు పడుతుందనీ, ఆ గుర్తు ఉంటేనే మూడోది దాన్ని పట్టుకోగలదనీ తెలియడానికి ఇంకా సమయం పట్టింది. అప్పటికి నాన్న లేడు.

సెమినార్‌లో ఎవరో అడిగారు, కొండల మీద బతికేవాళ్ళకి ఇది మేలు చేసేదే కదా అని. మేలే, అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ వారం ఇంటికొస్తే నాన్న చోడవరంలో బస్సు దగ్గరికొచ్చి నా సంచీ అందుకోవడానికి చెయ్యి చాపాడు. అరచెయ్యి ఎర్రగా, కాలినట్టు ఉంది. గోళ్ళ కింద నీలం. సంచీ ఇవ్వకుండా ఆ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను.

"ఏటమ్మా, జోస్యం సెప్తావేటి?" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. పక్కింటావిడ, మరో ఇద్దరాడవాళ్ళు అరుగు మీదున్నారు.

"నాన్నకి ఊపిరితిత్తులు పాడైపోనాయమ్మా. పొయ్యి పొగకి. గాలి లోపలికి సాలట్లేదు. అది ఒంటికి తెలిసి రక్తం ఎక్కువ సేసుకుంటంది. అందుకే కళ్ళలా ఉన్నాయి."

"రక్తమెక్కువైతే మనిషి దుక్కలా ఉండాలి. ఈయన నాలుగడుగులేస్తే కూలబడతన్నాడు."

"ఎక్కువైతే సిక్కబడిపోద్దమ్మా. తిరగదు. అందుకే తలనొప్పి, తూలడం."

"మరి ఆ రక్తం ఎక్కడినుంచొస్తంది?"

"కిడ్నీలో ఒకటి తయారవుద్ది. అది..."

"ఓహో!" అంది అమ్మ. "బట్టీ కిడ్నీలో ఎట్టీసేడన్నమాట. అందుకేనే మనకి కుండలు దొరకట్లేదు."

అందరూ పడిపడి నవ్వారు. పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "యూనివర్సిటీ గుంట కదా అప్పా, సారాకి కూడా సర్టిఫికెట్టు ఇచ్చీగలదు," అంది. మూల కూర్చున్న నాన్నకి కూడా నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతో మొహం ఇంకా ఎర్రబడింది.

"అదిగో, సూడండి ఆ మొకం," అంది అమ్మ.

నాన్నని విశాఖ తీసుకెళ్ళాను. డాక్టరు చాలా సేపు విన్నాడు, రక్తం పరీక్ష చేయించాడు. నేననుకున్నదే చెప్పాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాడు, చుట్ట మానమన్నాడు. ప్రస్తుతానికి కొంత రక్తం తీసేస్తే తేలికపడతాడన్నాడు. నాన్న మంచం మీద పడుకుని, గొట్టంలోంచి సీసాలోకి దిగుతున్న రక్తాన్ని ఆసక్తిగా చూశాడు. నల్లగా, నెమ్మదిగా దిగుతోంది.

"పాకం దగ్గరపడిపోనాదమ్మా," అన్నాడు. "మంట తగ్గించకపోతే అడుగంటుద్ది."

తిరుగు ప్రయాణంలో తల తేలికగా ఉందన్నాడు. సబ్బవరం దాటేదాకా నిద్రపోకుండా కిటికీలోంచి చూస్తూ కబుర్లు చెప్పాడు. అంతసేపు ఆయన మెలకువగా ఉండి మాట్లాడటం చూసి చాలా కాలమైంది. దిగాక నాన్న అడిగింది ఒకటే. "మీ యమ్మ నమ్ముద్దంటావా?" చికిత్స గురించి గాని, పని పోవడం గురించి గాని అడగలేదు.

అమ్మ నమ్మలేదు. డాక్టరు కాగితం చూపిస్తే తిప్పి నా చేతిలోనే పెట్టేసింది. "తాగి తాగి రక్తం కుల్లిపోతే తీసీసేరు. నాకు తెల్దేటి?" అంది. అయితే రక్తం తీసేశారన్న మాట మాత్రం ఆమె మనసులో పడింది. మర్నాటి నుంచి ఒక పని మొదలుపెట్టింది. మెడికల్ షాపు నుంచి రక్తం పట్టే టానిక్ తెప్పించింది. మేక కార్జం వండింది. బీట్‌రూట్ ఉడకబెట్టింది. నేను వద్దన్నాను. టానిక్‌లో ఉండే ఇనుముతో ఎర్రకణాలు ఇంకా పెరుగుతాయని, తీసింది అందుకే కదా అని చెప్పాను.

"తాగుబోతైనా నా మొగుడే," అంది అమ్మ. "రక్తం తోడించీసి ఎండబెట్టి సంపుకుంటానేటి? నువ్వెల్లి సదువుకో."

కిడ్నీకి తెలిసేది ఒక్కటే, తన దాకా వచ్చే ఆక్సిజన్ తగ్గిందని. ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. రక్తం తగ్గిందనుకుంటుంది. పెంచమంటుంది. పెంచినా చాలకపోతే ఇంకా పెంచమంటుంది. ఊపిరితిత్తుల్లో మసి పేరుకుందని దానికి చెప్పే దారి లేదు. ఆ రెండు ప్రొటీన్లు తప్పు చెయ్యలేదు. కలవాల్సినప్పుడు కలిశాయి, చెయ్యాల్సింది చేశాయి. మా అమ్మ కూడా గరిట నిండా కార్జం వడ్డిస్తూ చెయ్యాల్సిందే చేస్తున్నాననుకుంది. నాన్న వద్దనలేదు. ఆమె తనకోసం ప్రత్యేకంగా వండి పెట్టి ఎంతో కాలమైంది. పళ్ళెం నాకినట్టు తినేవాడు. సాయంత్రం మళ్ళీ గుమ్మంలో నిలబడి ఊదేవాడు.

పని మానలేదు. బెల్లం వండే కాలం అయ్యేదాకా పాక యజమాని వదలనన్నాడని ఆయన చెప్పాడు. ఇంట్లో కూర్చుంటే తాగి పడున్నాడనుకుంటారని కూడా అన్నాడు. రెండోసారి రక్తం తీయించడానికి రమ్మన్న రోజు రాలేదు. వెళితే మళ్ళీ కుళ్ళిన రక్తమంటారని సిగ్గుపడ్డాడు.

ఆ కాలం చివర్లో ఒక శనివారం నేను ఊరికొచ్చాను. ఇంకా ఎండగానే ఉంది. అరుగు మీద అమ్మ, పక్కింటావిడ ఉన్నారు. వీధిలో తడి, పేడ వాసన.

"మీ నాన్న దొరికిపోనాడే ఈయాల," అంది అమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. గెలుపుంది. "పట్టపగలు. పాకలోంచి ఇద్దరు మోసుకొచ్చి దించేరు. నాలిక తిరగట్లేదు. కాలు నిలబడట్లేదు."

"ఊదమన్నాం," అంది పక్కింటావిడ. "ఓ పక్క నుంచి తుస్సుమని... అచ్చం పంచరైన సైకిలు ట్యూబు." మూతి ఒక పక్కకి లాగి చూపించింది. నవ్వింది.

"నీకెన్నోసార్లు సెప్పినాను. నువ్వు ఇనలేదు. ఈయాల నలుగురూ సూసేరు," అంది అమ్మ. "పేడనీల్లు కుమ్మరించి శాలలో తొంగోబెట్టినాం. దిగిపోనాక లెగుత్తాడు."

పశువుల శాలలో గడ్డి మీద నాన్న పడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కుడి చెయ్యి ఒంటి కింద నలిగిపోయి ఉంది, దాన్ని తీసుకోవాలని ఆయనకి తెలియడం లేదు. మూతి ఎడమ పక్కకి లాగేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. ఏదో అంటున్నాడు, మాట కట్టడం లేదు. వినడానికి ఆయన మొహం దగ్గరికి నా మొహం వంచాను.

ఆయన పెదాలు దగ్గరికి చేర్చి ఊదాడు.

మొదట నాకర్థం కాలేదు. ఊపిరి నా చెంపకి తగిలింది, చాలా కొద్దిగా. మళ్ళీ గాలి తీసుకుని మళ్ళీ ఊదాడు. నేను కూడా అందుకే వంగాననుకున్నాడు.

జీపు మాట్లాడి విశాఖ తీసుకెళ్ళాం. దారిలో ఆయనకి మాట రాలేదు, ఆసుపత్రిలోనూ రాలేదు. చిక్కబడ్డ రక్తం మెదడులో ఎక్కడో ఆగిపోయిందని, వచ్చేసరికే ఆలస్యమైందని చెప్పారు. నర్సు దగ్గరికి వచ్చి వంగినప్పుడల్లా నాన్న ఊదడానికి ప్రయత్నించేవాడు. ఆవిడకి అదేమిటో తెలియక, "దాహమేమో," అని చెంచాతో నీళ్ళు పోసేది. కొన్నాళ్ళు అలా ఉండి, కన్నుమూశాడు.

అమ్మ ఏడవలేదు. "తాగితే నరం తెగుద్దని ముందే సెప్పినాను," అంది వచ్చినవాళ్ళతో. వచ్చినవాళ్ళు తలూపారు. డాక్టరు చెప్పినది నేను చెబితే దానికీ తలూపారు. కూతురు కదా, అలాగే చెబుతుందిలే అన్నట్టు.

పెద్దకార్యం రోజున పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఒక ఆకులో పెట్టి, బయట నుంచి తలుపు దగ్గరికి వేసి, అందరూ కాసేపు అవతలికి వెళతారు. ఆయన వచ్చి తింటాడని. చేపల పులుసు, అన్నం, ఒక బెల్లం అచ్చు, చుట్ట, అగ్గిపెట్టె పెట్టాను. అమ్మ పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి అప్పుడే వచ్చింది. కొంగు కింద నుంచి ఒక సీసా తీసింది. మూత విప్పగానే గదంతా వాసన.

"ఏటమ్మా అది?"

"సూస్తన్నావు కదా."

ఎక్కడ తెచ్చిందని అడిగాను. తను కుండలు పగలగొట్టిన ఇంటికే వెళ్ళి, వాడి గుమ్మంలో నిలబడి అడిగి తెచ్చానంది. ఆమెకి అదెంత పనో ఆ వీధిలో అందరికీ తెలుసు.

"నాన్న తాగడమ్మా," అన్నాను.

"నాకాడా అదే సెప్పేవోడు." స్టీలు గ్లాసు ఆకు పక్కన పెట్టి, చుక్క ఒలక్కుండా అంచు దాకా పోసింది. నాన్న పోయిన దగ్గర్నుంచి మొదటిసారి ఏడ్చింది. "బతికినన్నాల్లూ నాకు బయిపడి దొంగసాటుగా తాగేడు. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టుకుని తిరిగేడు. ఇప్పుడైనా దాసుకోకుండా తాగనీ. నానేటీ అనను. ఊదమనను."

తలుపు దగ్గరికి వేసి బయటకొచ్చాం. వీధిలో అందరూ అమ్మ మంచితనం గురించి మాట్లాడుకున్నారు. తాగి సంసారం పాడుచేసిన మొగుణ్ణి క్షమించడం మాటలు కాదన్నారు. పక్కింటావిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

కాసేపయ్యాక తలుపు తీశాం. ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. గ్లాసు అంచు దాకా నిండుగానే ఉంది.

అమ్మ వంగి గ్లాసులోకి చూసింది.

"ఇంకా బయమే," అంది.